గౌరయ్యకు పడని సూది

“బోర్డు దింపుతున్నరు అత్తమ్మా! నిచ్చెనేసి మరీ దింపుతున్నరు. నా కండ్లతోని సూసొచ్చిన.”

సరళ చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే అరిచింది. చిక్కుడుకాయల ఈనె తీస్తున్న సాలమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

“ఎవలది?” అంది, తెలియనట్టు.

“ఎవలదేంది? మామను పొట్టన పెట్టుకున్న గా డాక్టర్ ఎడ్వర్డ్‌ది! ఏడాది దాకా సూది ముట్టద్దన్నరు.”

శామీర్‌పేటలో ఆ బోర్డు తెలియనివాళ్లు లేరు. జ్వరమొచ్చినా, తేలు కుట్టినా అక్కడికే పరుగెత్తేవాళ్లు. అలాంటి డాక్టరును మెడికల్ కౌన్సిల్ దాకా లాగినవాడు సాలమ్మ కొడుకు బాలేష్. గుండ్లపోచంపల్లి గోదాములో పని మానుకుని మరీ తిరిగాడు. పెద్దవాళ్లతో మనకెందుకని వాడకట్టంతా చెప్పి చూసింది. వింటేగా! ఆ మొండితనం తండ్రిది.

గౌరయ్య మొండితనం ఇంకో రకం. సూది పొడవనివాడు ఆయన దృష్టిలో అసలు డాక్టరే కాదు. ఒకప్పుడు ఏదో సూది పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక చచ్చి బతికాడు. అయినా బుద్ధి రాలేదు. ఆ తర్వాత కీసరలో జ్వరానికి చూపించుకుంటే, సాలమ్మ ఆ సంగతి చెప్పడంతో అక్కడి డాక్టరు మాత్రలే ఇచ్చి పంపాడు. సూది పడకుండా చేసిందని, జ్వరం తగ్గేదాకా ఆమెను సాధించుకు తిన్నాడు మహానుభావుడు.

ఎడ్వర్డ్ దగ్గర మాత్రం సూది దొరికింది. ఇంటికి రాకముందే ప్రాణం పోయింది.

విచారణలో బాలేష్ వాదన ఒక్కటే. “కీసరల మా అమ్మ చెప్పింది సారూ. ఈడ అడిగుంటే ఈడ గూడ చెప్పకపోవునా? అడగకుండనే పొడిచిండు.”

ఎవరికి సూది వేసినా ముందు అడుగుతానన్నాడు ఎడ్వర్డ్. గౌరయ్యను అడిగినట్టు ఎక్కడైనా రాశారా అంటే మాత్రం రాయలేదని ఒప్పుకున్నాడు. అప్పుడు కౌన్సిల్ పెద్దలు సాలమ్మ వైపు తిరిగారు.

“మీరు పక్కనే ఉన్నారు కదమ్మా, డాక్టర్ గారు అడిగారా?”

సాలమ్మ కొడుకును చూసింది. నేలను చూసింది. తల అడ్డంగా ఊపింది. దాంతో అంతా తేలిపోయింది.

అప్పటినుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు. మనిషి సగమైంది. కూర్చున్నచోట కూర్చునే ఎడమ మణికట్టు నిమురుకుంటుంది. ఆ రోజు డాక్టరు గదిలో గౌరయ్య గట్టిగా పట్టుకున్న చెయ్యి అది. కాపురానికి వచ్చినప్పటినుంచీ పదిమందిలో ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

“నువ్వేం జేస్తవ్ అత్తమ్మా? నమ్మి తోల్కపోయినవ్. పాపం ఆయనది, నీదెట్లయితది?” అంటుంది సరళ. ఎంత చెప్పినా ఆమె పాపం ఆమెను వదలదు.

ఆ సాయంత్రం బాలేష్ మటన్ తెచ్చాడు. పొయ్యి మీద కూర ఉడుకుతుండగా వాకిట్లో స్కూటర్ ఆగింది. దిగిన మనిషి ఎడ్వర్డ్.

“ఇప్పుడెందుకొచ్చినవ్?” బాలేష్ ఎగిరి లేచాడు.

“కొట్లాటకు రాలే బాలేష్. అమ్మతోని ఒక్క మాట చెప్పి పోత.”

లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఆయన గుమ్మం బయటే నిలబడ్డాడు.

“అమ్మా, మొదట్ల మీ మీద మస్తు కోపమొచ్చింది. అడిగిన అనే అనుకున్న. ఇంట్ల కూసొని మళ్లమళ్ల యాది చేసుకున్న. ఆ రోజు పేషెంట్లు మస్తు మంది ఉన్నరు. గౌరయ్యను అడిగినట్టే ఉంటది, అంతల్నే అది ఇంకో పేషెంటేమో అనిపిస్తది. కీసరల చెప్పినోళ్లు నా దగ్గరెందుకు చెప్పరు? బాలేష్ అన్నదే నిజం. నేనే అడగలే.”

సాలమ్మ తలెత్తింది. “ఏడాదైనంక మళ్ల తెరుస్తరు గద సారూ?”

“లేదమ్మా. చేతులు వణుకుతున్నయ్. నిన్న మా బిడ్డ భవితకు జ్వరమొస్తే వేరే డాక్టర్ దగ్గరికి తోల్కపోయిన. నా మీద నాకే నమ్మకం పోయింది. ఇగ ఎవల్ని ముట్టను.”

కాలరు పట్టుకునేలా ఉన్న బాలేష్ మెల్లగా వెళ్లి కుర్చీ తెచ్చి వేశాడు. ఆయన కూర్చోలేదు. చేతులు జోడించాడు.

“నన్ను మాఫ్ చేయమ్మా. గా ఒక్క మాట మీ నోట వింటే చాలు.”

సాలమ్మ పెదాలు కదిలాయి. మాట బయటికి వచ్చేలోపే బాలేష్ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. వాడి కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

“తప్పొప్పుకున్నడు గదనే అమ్మా. నువ్వు ధైర్యంగ నిలబడ్డవు, బాపుకు న్యాయమైంది. ఇగ పగ ఎందుకు? మాఫ్ జెయ్యి.”

ఆ భుజం మీది చెయ్యి తీసేస్తాడేమోనని సాలమ్మ భయం. వీడు కూడా లేకపోతే తనకు ఎవరున్నారు?

“మాఫ్ జేసిన సారూ,” అంది.

ఎడ్వర్డ్ కళ్లు తుడుచుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు. స్కూటర్ చప్పుడు సందు మలుపు తిరిగేదాకా సాలమ్మ మణికట్టు నిమురుకుంటూనే ఉంది.

మందేమైనా పడదా అని ఆ రోజు డాక్టరు అడిగాడు. అప్పుడే గౌరయ్య ఆ మణికట్టు నొక్కిపట్టాడు.