నొప్పి పక్కన మనసు

“ఏవండీ, నా మనీప్లాంట్ కొమ్మ ఎవరో కోసేశారు!”

గిరిజ గావుకేక పెట్టింది. పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో సామానంతా ట్రక్కెక్కేసింది. కొత్తగా మారబోతున్న ఊరు బెంటన్‌విల్ దాకా కార్‌లో పెట్టుకెళ్దామని మిగిల్చింది ఆ కుండీ ఒక్కటే. నేల దాకా పాకిన తీగ కాస్తా మూరెడు మిగిలింది.

“ఇరవై గంటల డ్రైవ్ ఉంది. మళ్ళీ మొలుస్తుందిలే, పద,” అన్నాడు రఘువీర్.

“పొద్దున్నించి లోపలికొచ్చింది పక్కింటి ఆనెకె ఆంటీ ఒక్కతే. అడిగితే కుండీయే ఇచ్చేదాన్ని కదా! ఇదేం బుద్ధండీ?”

ఆరేళ్ళ స్నేహం. మొదటి మంచుకి బిక్కచచ్చి కూర్చుంటే బూట్లు తెచ్చిచ్చిన మనిషి. ఆవిణ్ణి దొంగనుకుంటూ ఊరొదలడానికి గిరిజకు ప్రాణం ఒప్పలేదు. విసవిసా వెళ్ళి తలుపు తట్టింది.

డెబ్బై ఎనిమిదేళ్ళ ఆనెకె తలుపు తీసింది. హాలండ్ నుంచి పడుచుతనంలో వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆవిడ కిటికీలో ఎర్రటి జెరేనియం పూలు. వాటి పక్కనే, గ్లాసు నీళ్ళలో, గిరిజ కొమ్మ.

“ఆంటీ! నన్నడక్కుండా...”

“అడిగితే బతకదుగా?” అంది ముసలావిడ నిబ్బరంగా. “దొంగిలించిన మొక్కే బతుకుతుందని మీవాళ్ళంటారని నువ్వే చెప్పావు. నువ్వూ దీన్ని డెంటిస్ట్ ఆఫీస్‌లో కోసుకొచ్చానన్నావు. ఇది నాకు బతకాలి, గిరిజా.”

గిరిజ కోపం నీరుగారిపోయింది. నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.

“ఏవిటో ఆంటీ, కొత్త ఊరంటే సంబరంగానే ఉంది. ఇక్కణ్ణించి కదలాలంటే దిగులుగానూ ఉంది.”

“దానికి మా డచ్‌లో ఒక మాటుంది. వేమూట్. ‘వే’ అంటే నొప్పి. ‘మూట్’ అంటే పూర్వం మనసు, ఇప్పుడేమో ధైర్యం. నేను ఓడెక్కే రోజున మా అమ్మ రేవులో నిలబడి చెప్పింది.”

“నొప్పినీ ధైర్యాన్నీ ఒక్కచోట ఎంత బాగా కలిపారు ఆంటీ!”

ఇద్దరూ గట్టిగా వాటేసుకున్నారు. “వెళ్ళొస్తాను,” అంది గిరిజ. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆవిడ అడగలేదు.

కార్ వీధి చివర సిగ్నల్ దగ్గర ఆగేసరికి గిరిజ వెక్కుతూనే ఉంది. కళ్ళు తుడుచుకోమని ఇవ్వడానికి రఘువీర్ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఓ టిష్యూ లాగాడు. అది తడిసి ముద్దయి ఉంది. విప్పితే ఎర్రటి జెరేనియం కొమ్మ.

“ఇదేంటే!”

“మొన్న టీకి వెళ్ళినప్పుడు కోశాను,” అంది గిరిజ. “ఇదీ బతకాలి కదండీ.”