కొత్త గొంతు

“ఎవరా కొత్త మనిషి? ముందు నా ఎదటకి రమ్మను!” గురవయ్య హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద విసిరికొట్టాడు.

సౌదీలో, అల్ ఖోబర్‌లోని ఆ డబ్బింగ్ స్టూడియోలో, ఆఫ్రికా పిల్లలు చూసే బొమ్మల సినిమాలకి ఇరవై ఏళ్లుగా ఫ్రెంచిలో గొంతు ఇస్తున్నది ఈ యానాం మనిషే. ఉద్యోగాల్లో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాఖత్ చట్టం కింద కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. ఆయన కుర్చీలో ఇక సౌదీ మనిషే కూర్చోవాలట.

“అరిస్తే ఏమొస్తాదన్నా,” అన్నాడు సౌండు చూసే బాషా. కడపవాడు. “మేనేజరు నీకు ఖురూజ్ వీసా కొట్టించేసినాడు, ఇంగ ఊరికి పోవాల్సిందే. పొయ్యేలోపల ఆ పాపకు పని నేర్పించల్లంట.”

“అంటే నా గొయ్యి నేనే తవ్వుకోవాలా? ఫ్రెంచంటే ఏవనుకున్నారు వీళ్లు? దొరల కచేరీలో పనిచేసిన మా తాత బెత్తం పట్టుకుని నేర్పాడయ్యా నాకు!”

అప్పుడే తలుపు తోసుకుని నల్లటి అబాయాలో ఒక అమ్మాయి వచ్చింది. పేరు నౌరా. సలాం చెప్పింది. గురవయ్య మైకున్న గాజు గదివైపు వేలు చూపించాడు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. కుందేలు పిల్ల మాటలు. నాలుగు ముక్కలైనా పూర్తికాకుండానే గురవయ్య ఇంగ్లీషులో విరుచుకుపడ్డాడు.

“ఆపు! ఇది ఫ్రెంచా? ప్రతి మాటా చివర్న ఆ సాగదీత ఏంటి, రేవులో పడవవాణ్ణి కేకేసినట్టు? నీకోసమా నన్ను వెళ్లగొడుతున్నారు?”

నౌరా కళ్లలో నీళ్లు తిరిగాయి. తల మాత్రం దించలేదు.

“నేను ఏ బళ్లోనూ నేర్చుకోలేదు సార్.”

“మరి ఏ గాడిద నేర్పాడు?”

“గాడిద కాదు సార్, ఏనుగు,” అంది కోపంగా. “చిన్నప్పుడు టీవీలో ఆఫ్రికా ఛానెల్లో ఫ్రెంచి బొమ్మల సినిమా వచ్చేది. అందులో ఒక ఏనుగు తాత. మా అమ్మ పోయాక ఇంట్లో నాకు కథలు చెప్పేవాళ్లు లేరు. ఆ తాత ఏమంటే అదే, ఆ సాగదీతతోనే అనేదాన్ని. నన్నేమన్నా అనండి, ఆయన్ని అంటే ఊరుకోను!”

గురవయ్య విసిరికొట్టిన హెడ్‌ఫోన్స్ మెల్లగా చేతిలోకి తీసుకున్నాడు.

బాషా తన బల్ల మీది మైకు దగ్గరికి వంగి, అరబ్బీలో మెల్లగా అన్నాడు:

“ఇంతసేపూ నిన్ను తిట్టింది ఆ ఏనుగు తాతేనమ్మా.”