కంటి మీద బొట్టు

జనరేటర్లకీ బళ్ళకీ కన్నూ నోరూ వచ్చిన కాలమది. యజమానిని చూసి గుర్తుపడితే గానీ ఏదీ స్టార్టయ్యేది కాదు. అందుకే దసరా మర్నాడంటే జనరేటర్ల మెకానిక్ నూకరాజుకి హడలు. ఆయుధపూజకి జనం సరిగ్గా ఆ కన్ను మీదే బొట్టు పెడతారు.

ఆ పొద్దున కరెంటు పోయింది. సత్యవేణమ్మ చెరువులో ఏరియేటర్లు ఆగి, గాలందక రొయ్యలు పైకి తేలుతున్నాయి.

“ఎవరండీ మీరు?” అంటోంది జనరేటరు.

“నిన్ను కొన్నదాన్నే!” అని ఆవిడ లబలబలాడుతోంది.

కబురంది బండి మీద వచ్చిన నూకరాజు రుమాలు తీశాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“పూజబొట్టు తుడిచేత్తావా? అరిష్టం కాదూ!”

“రొయ్యలు పోతే కాదాండీ?” అని తుడిచేశాడు.

“నమస్కారం సత్యవేణమ్మగారూ!” అంటూ జనరేటరు మోత మొదలెట్టింది. ఏరియేటర్లు తిరిగాయి.

నూకరాజు ఆయిలు చూసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆవిడ కుంకుమభరిణెతో నవ్వుతూ నిలబడి ఉంది.

“ఆ బొట్టు నీ బండికి పెట్టేశాను బాబూ. అరిష్టం తీరిపోయింది.”

“ఎవరండీ మీరు?” అంది బండి.

నూకరాజు రుమాలు తియ్యబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు. బండి తోసుకుంటూ బయల్దేరాడు. ఊరు దాటేదాకా అది “దొంగ! దొంగ!” అని అరుస్తూనే ఉంది.