పొగమంచులో అడుగులు

చదువుకోవడానికి పరాయి దేశం వచ్చిన ఆమె, టికెట్టు డబ్బు కలిసొస్తుందని రోజూ ఓ స్టాపు ముందే బస్సు దిగి హాస్టలుకు నడుస్తుంది. ఆ సాయంత్రం పొగమంచు కమ్మేసింది. గోదాముల పక్క రోడ్డు మీద పురుగు కూడా లేదు.

వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఓరగా చూసింది. తనతోపాటే బస్సు దిగిన ఓ ఆకారం, నల్లకోటు టోపీని కళ్ల మీదికి లాక్కుని వస్తోంది. ఆడో మగో తెలియడం లేదు.

ఆమె వేగం పెంచింది. వెనక అడుగులూ వేగం పెంచాయి. రోడ్డు దాటింది. అవీ దాటాయి. కక్కుర్తి పడి ప్రాణం మీదికి తెచ్చుకున్నానని తనను తాను తిట్టుకుంది.

ఇక పరుగు లంకించుకోబోతుండగా వెనక ఫోను మోగింది.

"బస్సు దిగానమ్మా," అంది ఓ ఆడపిల్ల గొంతు, తెలుగులో. "లేదులే, ఒంటరిగా లేను. ముందు ఎవరో అక్క వెళ్తోంది. ఎంత ధైర్యంగా నడుస్తోందో! ఆవిడ వెనకాలే పోతున్నా."

ఆమె ఆగి, వెనక్కి తిరిగింది.

"వెనకెందుకమ్మా, పక్కకొచ్చి నడు," అంది. "ఆ అక్కకీ కాళ్లు వణుకుతున్నాయి."