కెజియా థ్రాల్‌కు సమాధి రాయి

అమెరికా మొత్తం మీద అందరికంటే ముందు ప్రాసను తన్ని తగలేసిన కవయిత్రిని కనిపెట్టింది ఎవరనుకున్నారు? నేనే. ఓరిన్ టటిల్‌ని. ఆరో తరగతి దాకా బళ్లో చదివి, మిగతాది ఆవుల దగ్గర నేర్చుకున్నవాణ్ణి.

ఆ ఏడు మా ఊరు క్రేన్స్ గోర్‌లోని గ్రంథాలయానికి గండం వచ్చింది. మా వెర్మాంట్ పల్లెల్లో ఏ సంగతైనా మార్చి నెల మొదటి మంగళవారం ఊరంతా ఒకచోట కూర్చుని, చేతులెత్తి తేల్చుకోవాల్సిందే. ఆసారి జాబితాలో తొమ్మిదో అంశం: గ్రంథాలయం మూసేసి, ఆ ఇంట్లో మంచు తోసే బండి పెట్టుకోవడం. బండి తుప్పు పడుతోందిట పాపం.

డోర్కస్ మర్చంట్ ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడ పుస్తకాలిస్తోంది. వెనక గదిలోనే కాపురం. ఒంటరి మనిషి. అది మూస్తే ఆవిడ వీధిన పడ్డట్టే.

"బండితో పోటీ పడి నేనేం గెలుస్తాను బాబాయ్?" అంది నాతో.

సభకింకా పదిహేను రోజులుంది. మేపుల్ చెట్ల తీపి రసం కాచే మా పాకలో, పొయ్యి ఇటుకల వెనకనుంచి నేనొక రేకు డబ్బా బయటికి తీశాను. డబ్బా నిండా కవిత్వం. రాసింది కెజియా థ్రాల్ అనీ, ఆ గ్రంథాలయం ఇంట్లోనే కూర్చుని రాసిందనీ, నూరేళ్ల కిందట అక్కడే కన్ను మూసిందనీ ఊరంతా చెప్పాను.

చెప్పడమే తరువాయి, ఊరంతటికీ జ్ఞాపకాలు పుట్టుకొచ్చాయి.

"కెజియామ్మా! ఎందుకు తెలీదూ? మా ముత్తవ్వకి గుడ్లు ఇచ్చేదిట. డజనని చెప్పి పదకొండే పెట్టేదిట," అన్నాడు ఆల్వా పింగ్రీ. సభ నడిపేదీ అతనే, మంచు బండి తోలేదీ అతనే.

పాస్టరు గారి భార్య అయితే ఆవిడ ముక్కే తనకు వచ్చిందని అద్దం చూసుకుంది.

కబురు బోస్టన్ దాకా పాకి, లోరింగ్ అనే ప్రొఫెసరు దిగాడు. పాత జనాభా లెక్కలు తిరగేశాడు. కెజియా పేరు లేదు. చర్చి పుస్తకాల్లో చూశాడు. అక్కడా లేదు.

"చూశారా! సర్కారుకీ దేవుడికీ కూడా దొరక్కుండా బతికింది. ఎంత తిరుగుబాటు!" అని కళ్లు తుడుచుకున్నాడు.

మంగళవారం వచ్చింది. పరాయి ఊరివాడు మా సభలో నోరు విప్పాలంటే ఊరు చెయ్యెత్తి ఒప్పుకోవాలి. ఒప్పుకుంది. ప్రొఫెసరు గొంతు సవరించుకుని చదివాడు.

"మంచు నా గుమ్మాన్ని ఎన్నడూ ఊడవలేదు. ఊడ్చింది నేనే."

ఆల్వా ముక్కు చీదుకున్నాడు.

"ఇక్కడ మంచు అంటే మృత్యువు," అన్నాడు ప్రొఫెసరు.

"మంచు అంటే మంచేనండీ," అంది వెనక బెంచీ మీంచి డోర్కస్. "చీపురు పట్టుకుంటే తెలుస్తుంది."

"తమరు కవిత్వం చదువుకున్నారా?"

"పుస్తకాల మీద ముద్రలు కొడతానండీ."

"అయితే ముద్రలు కొట్టుకోండి తల్లీ."

జనం ఘొల్లుమన్నారు. డోర్కస్ తల దించుకుంది.

తొమ్మిదో అంశం వీగిపోయింది. గ్రంథాలయాన్ని ఎవరూ ముట్టుకోకూడదన్నారు. మహాకవయిత్రి మసలిన ఇల్లాయె! దుమ్ము దులిపేందుకు డోర్కస్‌ను అక్కడే ఉండనిచ్చారు. మంచు బండికి గోనె గుడ్డ కప్పారు.

అంతటితో ఊరుకోకుండా ఆల్వా ఇంకో ప్రతిపాదన తెచ్చాడు. కెజియామ్మకు చర్చి పక్కన సమాధి రాయి నిలబెట్టాలట. కావాలన్నవాళ్లు చేతులెత్తండి అంటే చేతుల అడవి లేచింది.

"వద్దనేవాళ్లు?"

ఒక్కటే చెయ్యి. డోర్కస్‌ది.

"ఏం డోర్కసక్కా, చచ్చినావిడ మీద కూడా కుళ్లేనా?"

"తొందరేముందని అంటున్నా, ఆల్వా. అంతే."

మళ్లీ నవ్వులు. తర్వాత అందరూ ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె తిన్నారు.

రాయి నిలబడింది. ప్రొఫెసరు గారి పుస్తకం కూడా అచ్చయింది, అందులో మృత్యువు మీదే మూడు అధ్యాయాలు. డోర్కస్ దానికీ ముద్ర కొట్టి అరలో పెట్టింది.

ఇక నా గొప్ప సంగతి. డబ్బా బయటికి తీసింది నేనే అన్నాను గదా, ముందురోజు దాన్ని అక్కడ పెట్టిందీ నేనే. కెజియా అన్న పేరు మా చుక్కల ఆవు దగ్గర అరువు తెచ్చాను. నేను సొంతంగా కల్పించిందల్లా ఒక్కటే: మా డోర్కస్ నూరేళ్ల కిందటే చచ్చిపోయిందని.