భంగు దుకాణం వద్దు

“భంగు దుకాణం వద్దన్నోళ్లు చెయ్యెత్తండి,” అంది క్యాంప్ 2 బస్తీ సభలో కార్పొరేటరు సుచిత్ర.

అందరికంటే ముందు లేచిన చెయ్యి అప్పలసూరిది. మత్తెక్కించే భంగు అమ్మే సునీల్ దుకాణం పక్కనే అతని టీ కొట్టు. అక్కడ మూగే జనాన్ని చూస్తే అతనికి కడుపు రగిలిపోయేది. లైసెన్సున్న దుకాణమే అయినా, పిల్లలు పాడైపోతున్నారంటూ ఇంటింటికీ తిరిగి ఈ సభ పెట్టించింది అతనే.

చూస్తుండగానే సభంతా చేతులు లేచాయి.

“చూసినావేటే? ఇక జనమంతా మన కొట్టుకే,” అన్నాడు అప్పలసూరి భార్య గౌరీదేవితో.

సునీల్ లేచి దణ్ణం పెట్టాడు. “ఇంతమంది వద్దంటే నేనే మూసేస్తాను దీదీ. అక్కడే టీ పెట్టుకుంటాను. దానికి ఎవరూ అడ్డు చెప్పరు కదా?”

“టీ అయితే మేమూ వస్తాం భయ్యా!” అంది అప్పుడే చెయ్యి దించిన ఒకావిడ.

“తప్పకుండా రండి. పాపకి జొరం తగ్గిందా?” అని ఆమెను అడిగి, వెనక నించున్న ముసలాయన వైపు తిరిగాడు సునీల్. “తాతా, మోకాలు నొప్పి ఎలగుంది? నించున్నావేటి, ఇలా కూకో.”

అప్పలసూరి ముఖం మాడిపోయింది. “అందరిళ్ల సంగతులూ ఆడికెలా తెలుసే?”

“అడుగుతాడు కాబట్టి తెలుసు,” అంది గౌరీదేవి. “మన కొట్టుకొచ్చినోళ్లని నువ్వేనాడైనా అడిగినావేటి?”

అప్పలసూరి వెనక్కి తిరిగి చూశాడు. ఆ ముసలాయన రోజూ పొద్దున్నే తన దగ్గరే టీ తాగుతాడు. ఆయన పేరేమిటో ఎంత ఆలోచించినా తట్టలేదు. ఎప్పుడూ అడగనే లేదు.