నూనె కాగలేదు

"ఆ కాలి మీద చెయ్యి వెయ్యొద్దు!"

గుమ్మంలోంచే అరిచింది నర్సు గవరమ్మ. దీవిలోని హోప్ టౌన్ మిట్ట మీదికి పరుగున ఎక్కి వచ్చింది. ద్వారబంధం పట్టుకుని రొప్పుతూ నిలబడింది. ఆ అరుపుకి ఉయ్యాల్లో పసివాడు లేవలేదు, అదే పదివేలు.

మంచం మీద పన్నెండు రోజుల బాలింత అమ్మడు. పొయ్యి దగ్గర నూనె గిన్నెలో గరిటె తిప్పుతూ, ఒళ్ళు పట్టే ముసలమ్మ. ముసలమ్మ అన్నది ఆవిడ పేరే. పేరుకు తగ్గ వయసు ఈ మధ్యనే వచ్చింది.

"చెయ్యింకా ఎక్కడేసినాది?" అంది అమ్మడి తల్లి మహాలక్ష్మమ్మ విసుగ్గా. "గంట నుంచీ ఈవిడ నూనే కాగనేదు. ఓపాలి ఎల్లుల్లి సాలదని బయటికెల్లొస్తది, ఓపాలి వాము తెమ్మంటది. పిల్లేమో కాలు సలుపని ఏడుస్తంది."

"నూని సరిగ్గా కాగకుండా ఒళ్ళు పడితే వాతం సేస్తది," అంది ముసలమ్మ తలెత్తకుండా.

గవరమ్మ దుప్పటి తొలగించింది. కుడికాలు మామూలుగానే ఉంది. ఎడమకాలు మాత్రం పిక్క నుంచి తొడదాకా ఉబ్బి ఎర్రబారింది. చేత్తో తాకీ తాకనట్టు చూసింది. వేడిగా తగిలింది.

"ఎప్పట్నుంచి?"

"నిన్న పొద్దున్నుంచి దీదీ," అంది అమ్మడు.

"పురుటి నీరే అది. బాలింత కాళ్ళు వాయవేటి?" అంది మహాలక్ష్మమ్మ.

గవరమ్మ ముసలమ్మ వైపు తిరిగింది. "పొయ్యి ఆపేసి నువ్వు వెళ్ళు ముసలమ్మా. నీతో ఇక్కడ పని లేదు."

"నువ్వు పుట్టినప్పుడు నీకు తొలి నీళ్ళు పోసింది నానే. నన్నే ఎల్లమంటావేటి?" గరిటె ఆగలేదు.

"నువ్వు కూకో ముసలమ్మా!" అంది మహాలక్ష్మమ్మ. తర్వాత గవరమ్మతో, "ఈవిడ్ని పంపేస్తే రెండిళ్ళ అవతల కాళమ్మ ఉంది. ఆవిడొచ్చి ఒళ్ళు పడతది. ఈ ఊర్లో సేతులకి కరువొచ్చినాదేటి?" అంది.

గవరమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది.

"పిన్నీ, ఒక్క మాట చెప్పు. బాబాయి బోటు ఇంజిన్‌కి పోయే డీజిల్ పైపులో మడ్డి గడ్డ కట్టిందనుకో. పైపు పిసుకుతాడా?"

"పిసికితే ఇంజిన్లోకి పోదా! నడి సంద్రంలో ఆగిపోద్ది."

"ఇదీ అంతే. నీరైతే మామూలుగా రెండు కాళ్ళూ వాస్తాయి. ఒక్క కాలే ఇలా వాచిందంటే లోపలి నరంలో రక్తం గడ్డ కట్టిందేమోనని నా భయం. పన్నెండు రోజులుగా మంచం దిగనిచ్చావా దీన్ని?"

"బాలింతని నేల మీద కాలెట్టనిస్తామేటి?"

"కదలకుండా పడుకుంటే గడ్డ కట్టేస్తుంది. ఇప్పుడు పిసికితే అది ఊడి, గుండెలోంచి ఊపిరితిత్తుల్లోకి పోయి అడ్డం పడుతుంది. ఊపిరాడదు పిన్నీ. మనిషే దక్కకపోవచ్చు."

మహాలక్ష్మమ్మ కూతురి కాలి వైపు చాచిన చెయ్యి తనంతట తనే వెనక్కి వచ్చేసింది.

"మరేటి సెయ్యడం?"

"అంబులెన్స్‌కి దార్లోనే ఫోన్ చేశాను. అవతల ఒడ్డున పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం. దీనికి మంచి మందుంది. భయపడకు."

పసివాడి గుడ్డలు మూట కడుతూ ఆగింది మహాలక్ష్మమ్మ. "ఇంతకీ నీకెవలు సెప్పినారు?"

"తెలీదు. కొత్త నంబరు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు గుసగుసగా మాట్లాడారు, ఆడో మగో కూడా తెలీలేదు. 'మహాలక్ష్మమ్మ కూతురికి ఒక్క కాలే వాచింది, జల్దీ రా' అని పెట్టేశారు."

"ఇంకెవలు, కాళమ్మే! ముసలమ్మకి పని దొరికినాదని కడుపుమంట."

"కడుపుమంటైనా మేలే చేసింది," అంది గవరమ్మ.

ముసలమ్మ పొయ్యి ఆర్పి, గిన్నె మీద మూతపెట్టి, చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

అమ్మడిని కాలు కింద పెట్టనివ్వకుండా స్ట్రెచర్ మీదే ఎక్కించారు. అంబులెన్స్, బండ్లను మోసే ఫెర్రీ పడవ ఎక్కి హార్బరు దాటింది. ఆ పూట నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిలకడగా ఉన్నాయి.

సాయంత్రం ఫెర్రీలో గవరమ్మ తిరిగొచ్చేసరికి జెట్టీ మెట్ల మీద ముసలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన అదే నూనె గిన్నె.

"ఏటైనాది?"

"స్కాన్ తీశారు. గడ్డే. కానీ కాల్లోనే ఉంది, కదల్లేదు. గడ్డ పెరగకుండా సూదులు మొదలెట్టారు. కొన్ని నెలలు మందు వాడాలన్నారు, అంతే. పిల్లాడు పాలు తాగుతున్నాడు. అమ్మడు చాయ్ అడిగింది."

"చాయ్ అడిగినాదా!" ముసలమ్మ ముఖం విప్పారింది. అంతలోనే మూతి ముడిచింది. "అయితే నా నూని దండగే."

"పొద్దున ఆ కాలి మీద నువ్వు చెయ్యి వేసుంటేనా..." అనబోయి ఆగిపోయింది గవరమ్మ. తనకు తొలి నీళ్ళు పోసిన మనిషి. ఇప్పుడు మనసు కష్టపెట్టి ఏం లాభం?

"సరేలే. ఆ ఫోన్ చేసిన పుణ్యాత్ములెవరో, పిల్ల బతికిందని వాళ్ళకొక మాట చెప్పాలి," అంటూ ఆ నంబరు నొక్కింది.

ముసలమ్మ రొంటిలో ఫోన్ మోగింది.